రింగ్‌టోన్: మనం ఎంచుకున్న చప్పుడు

(వాడ చరిత్ర – 11వ భాగం)



పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. "అన్నా, ఫోనుకి బాబాసాహెబ్ పాట రింగ్‌టోన్ పెట్టుకున్నా. రూములో వాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఒకతను, నీ కులం ఫోన్లో కూడా మోగాల్నా అన్నాడు. ఇంత చిన్నదానికి గొడవెందుకని మార్చేశా. తప్పు చేశానా అన్నా?"

రెండు ముక్కల్లో జవాబు రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే 2011లో నేనూ మార్చేశాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఈ సీరీస్‌లో బావి గురించి రాశాను, చెప్పుల గురించి రాశాను, హోటల్లో విడిగా పెట్టే గ్లాసు గురించి రాశాను. అవన్నీ కంటికి కనపడేవి. చప్పుడు గురించి రాయలేదు. ఎవరి చప్పుడు ఊళ్లో వినపడొచ్చు, ఎవరిది వినపడకూడదు, ఎవరు ఎవరి మాటను మోయాలి అన్నది కూడా కులమే నిర్ణయించింది. రింగ్‌టోన్ చిన్న విషయమా కాదా తేలాలంటే ముందు ఆ చరిత్ర చూడాలి. కొంచెం పొడుగు పోస్టు. ఓపికగా చదవండి.

1. కర్ర చప్పుడు

ఐదో శతాబ్దం మొదట్లో చైనా నుంచి ఫాహియాన్ అనే బౌద్ధ భిక్షువు ఈ దేశం వచ్చాడు. రెండో చంద్రగుప్తుడి కాలం. మన స్కూలు పుస్తకాల్లో దాన్ని స్వర్ణయుగం అని చదువుకున్నాం. ఆ స్వర్ణయుగంలోనే ఆయన ఒక సంగతి చూసి రాసుకున్నాడు. చండాలురు ఊరికి వెలుపల విడిగా ఉంటారట. పట్నంలోకో సంతలోకో రావాల్సి వస్తే ఒక కర్రముక్కను కొడుతూ రావాలట. ఆ చప్పుడు విని మిగతావాళ్లు పక్కకు తప్పుకోవాలి, తగలకుండా.

పరీక్షకి ఈ వాక్యాన్ని బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. ఒక్క క్షణం ఆగి ఆ కర్రను చేతిలో పట్టుకున్న మనిషి వైపు నుంచి ఆలోచించండి. నువ్వు వస్తున్నావని నువ్వే చాటాలి. చాటేది నీ పేరు కాదు, నీ పని కాదు, నీ అంటు. ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో నీ చేతిలో లేదు. కొట్టకపోతే దెబ్బలు.

మనిషి రాకను తెలిపే చప్పుడు అన్నమాట. ఇప్పుడు మన జేబులో ఉన్నది కూడా అలాంటిదే కదా. తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

2. తాత పలక

మా ఊరు అల్లూరు దాటి సముద్రం వైపు పోతే బకింగ్‌హామ్ కాలవ దగ్గర ఉంటుంది. ఊరు ఒక పక్క, మాదిగవాడ ఒక పక్క. కాలవ గట్టున యానాదుల గుడిసెలు. సముద్రం ఒడ్డున పట్టపోళ్ల పాళెం.

మా తాత ఊరికి వెట్టి. ఆయన పని పలక కొట్టి చాటింపు వేయడం. శిస్తు కట్టాలన్నా, చెరువు తూము ఎత్తుతారన్నా, తిరనాళ్ల తేదీ పెట్టారన్నా, పై ఆఫీసరు క్యాంపుకొస్తున్నాడన్నా తాతే పోవాలి. ఊళ్లో పెద్ద కులాల వాళ్లలో ఎవరైనా చనిపోతే పక్క ఊళ్లలో ఉన్న చుట్టాలకి కబురు మోసేది కూడా ఆయనే. సైకిలు లేదు. నడకే. అర్ధరాత్రయినా సరే.

నేను పిల్లవాడిగా ఆయన వెనక తిరిగేవాణ్ణి. వీధి మొగదల్లో ఆగి, చితుకుల మంట మీద పలకను కాచుకునేవాడు. చర్మం బిగిశాక రెండు పుల్లలతో వరస కొట్టేవాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాటలు ఆపేవాళ్లు. అప్పుడు గొంతెత్తి చెప్పేవాడు. పలక తాతది, గొంతు తాతది, కాళ్లు తాతవి. మాట మాత్రం కరణంది, మునసబుది. తిరనాళ్లు ఎప్పుడో ఊరందరికీ చెప్పిన మనిషి ఆ రోజు గుడి బయటే నిలబడాలి.

1989 నవంబర్‌లో తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. పెద్దవాళ్లు ఇప్పటికీ కావలి తుఫాను అంటారు. అప్పటికి కరణం మునసబు వ్యవస్థ రద్దయి ఐదేళ్లయింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం దాన్ని తీసేసింది. కుర్చీలు పోయాయి గానీ మా తాత చేతిలో పలక పోలేదు. తుఫాను వస్తోంది, బడి బిల్డింగులోకి పోవాలని చెప్పమని ఆయన్నే పంపారు. వానలో చర్మం తడిసిపోయి పలక మోగలేదు. ఇత్తడి గిన్నె తీసుకుని దాన్ని కొట్టుకుంటా తిరిగాడు. ఊరంతా చెప్పి ఆఖర్న వాడకి వచ్చేసరికి చీకటి పడింది. మేము బడికి పోయేసరికి లోపల చోటు లేదన్నారు. ఆ రాత్రి చర్చి గోడ చాటున గడిపాం. పెద్దయ్యాక తాతని అడిగాను, ముందు మన వాడలో చెప్పి తర్వాత ఊళ్లోకి పోయి ఉండొచ్చు కదా అని. "ఆ వరస మనం పెట్టేది కాదు నాయనా" అన్నాడు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. మహారాష్ట్రలో మహర్లది ఇదే బతుకు. ప్రభుత్వ పనికి, ఊరి పనికి రాత్రీ పగలూ పిలిస్తే పోవాలి, కబుర్లు మోయాలి, చావు వార్తలు చెప్పాలి. దానికి ఇచ్చేది వతన్ అనే పిడికెడు భూమి, ఇంటింటా అడుక్కునే ధాన్యం. బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ఈ వతన్ల చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టారు. ఆ బిల్లు నెగ్గలేదు. ఆయన పోయిన రెండేళ్లకు, 1958లో, ఆ వతన్లు చట్టప్రకారం రద్దయ్యాయి. మహద్ చెరువు గురించి మనం ఎంతైనా మాట్లాడుకుంటాం. ఈ వతన్ పోరాటం గురించి తక్కువ మాట్లాడుకుంటాం. నీళ్లు తాగే హక్కు ఎంత ముఖ్యమో, ఎవరో పిలిస్తే పరుగెత్తే బానిసత్వం నుంచి బయటపడటం కూడా ఆయనకు అంతే ముఖ్యం.

తమిళనాడులో చాలా ఊళ్లలో మన అన్నదమ్ములు పై కులాల చావులకి పఱై కొట్టబోమని తెగేసి చెప్పారు, దానికోసం దెబ్బలు తిన్నారు. ఆ పఱైనే తర్వాత తరం వేదికలెక్కించి గర్వంగా కొట్టింది. మన పక్క ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994 జులై 7న మాదిగ దండోరా పుట్టింది. పేరు చూడండి. దండోరా అంటే చాటింపు. వర్గీకరణ మీద మన మధ్య ఎన్ని వాదనలున్నా, ఆ పేరు పెట్టుకోవడం చరిత్రలో ఒక మలుపు. అన్నాళ్లూ పరాయి మాట మోసిన డప్పు ఆ రోజు సొంత మాట చెప్పింది.

3. నోకియా పాట

ఇక ఫోను కథ. ఈ దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి. చేసింది అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఎత్తింది కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్. ఆ రోజుల్లో వచ్చిన కాల్ మాట్లాడినా డబ్బులు పడేవి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమయింది. మన వాడల్లోకి ఫోను వచ్చింది ఆ తర్వాతే. అదే ఏడాది వచ్చిన నోకియా 1100 మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. టార్చిలైటు ఉన్న ఫోను. రాత్రిపూట చేలకీ గుంటలకీ పోయేవాళ్లకి దేవుడిచ్చినట్టుండేది.

వాడలో మొదట వినపడిన రింగు నోకియా పాట. అది ఎవరిదో తెలుసా? ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ గిటార్ విద్వాంసుడు 1902లో కట్టిన బాణీలో ఒక చిన్న ముక్క. ఆసామి జేబులోనూ అదే, కూలికి పోయే అమ్మ కొంగుముడిలోనూ అదే. ఎక్కడో స్పెయిన్‌లో పుట్టిన పాటకి ఇక్కడ కులం లేదు. పది మంది ఉన్నచోట మోగితే పది మందీ జేబులు తడుముకునేవాళ్లు.

అందరిదీ ఒకే చప్పుడైతే ఎవరి ఫోనో తెలియదు. సొంత రింగ్‌టోన్ అవసరం అక్కడ పుట్టింది. ఫిన్లాండ్‌లో వేసా-మట్టి పానానెన్ అనే అతను 1997లో హార్మోనియం అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. పాటను మెసేజ్ రూపంలో ఫోనుకి పంపొచ్చు. మరుసటేడు, 1998లో, అక్కడి రేడియోలింజా కంపెనీ రింగ్‌టోన్లు అమ్మడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే ప్రపంచమంతా పెద్ద వ్యాపారం అయిపోయింది.

డబ్బులు లేని మనబోటివాళ్లకి ఇంకో దారి ఉండేది. నోకియా ఫోన్లలో కంపోజర్ అని ఒకటి. 1 నుంచి 7 దాకా మీటలు ఏడు స్వరాలు. 8, 9 నొక్కితే స్వరం పొట్టి, పొడుగు అవుతుంది. సున్నా నొక్కితే ఆగుతుంది. నక్షత్రం గుర్తుకి స్థాయి మారుతుంది. సంగీతం నేర్పే బడి గడప తొక్కని మా వాడ కుర్రాళ్లు రాగి చెట్టు కింద కూర్చుని ఈ మీటలు నొక్కి నొక్కి సినిమా పాటల బాణీలు దింపేవాళ్లు. కాగితం మీద అంకెలు రాసుకుని ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. దాన్ని ఆటగా చూశాం గానీ, అది సొంతంగా నేర్చుకున్న స్వరజ్ఞానం.

అయితే ఆ పాటలకి మాటలు లేవు. టింగు టింగుమనే బాణీ ఒక్కటే. ఉద్యమ పాట బాణీ దింపినా పక్కనున్న ఆసామికి అది ఏ పాటో తెలిసేది కాదు. అందుకే ఎవరికీ ఇబ్బంది రాలేదు.

4. ఫోనుకి మాట వచ్చాక

తర్వాత ఎంపీ3 పాడే ఫోన్లొచ్చాయి. మెమరీ కార్డులొచ్చాయి. పెద్ద పెద్ద స్పీకర్లున్న చైనా సెట్లు వచ్చాయి. ఐఎంఈఐ నంబరు లేని అలాంటి సెట్లను 2009 నవంబర్ ఆఖర్న ప్రభుత్వం నిలిపేసింది. ఆ లోపలే కూలోళ్ల ఫోన్లు పాటలు పాడటం మొదలైపోయింది.

పాటలు ఎక్కించడానికి అల్లూరుకో కావలికో పోయేవాళ్లం. సెల్ షాపులో కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు. ఇరవై రూపాయలిస్తే కార్డు నింపేవాడు. "ఏం పాటలు కావాలన్నా?" అని ఫోల్డర్లు చూపించేవాడు. చిరంజీవి ఒక ఫోల్డర్, బాలకృష్ణ ఒకటి, ఇళయరాజా, అయ్యప్ప పాటలు, యేసు పాటలు. అంబేద్కర్ పాటలని ఫోల్డర్ లేదు. మాస్టార్జీ పాటలు లేవు. గద్దర్ పాట ఉన్నా సినిమా కోసం పాడింది ఉండేది. మనకు కావాల్సింది బజార్లో దొరకదు కాబట్టి మనమే చేసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 14 సభల్లో ఫోనుతో రికార్డు చేసుకోవడం, పాత క్యాసెట్ టేప్‌రికార్డరు ముందు ఫోను పెట్టి పాట పట్టుకోవడం. వెనక కుక్క మొరిగేది, ఎవరో దగ్గేవాళ్లు. అయినా అదే అపురూపం.

మాట వినపడటం మొదలయ్యాక కులం కూడా వినపడింది. ఫోను మోగితే చాలు, నువ్వెవరో తెలిసిపోతుంది.

దీని ఇంకో ముఖం చెప్తాను. మా తీరంలో మన వాడలు చాలావరకు చర్చికి పోయే వాడలు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. అందుకని పిల్లల కుల సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి పోయే అమ్మలు మెట్లెక్కే ముందే ఫోను ఆపేసేవాళ్లు. యేసు పాట మోగితే ఎక్కడ ప్రశ్న వస్తుందోనని. మా పెద్దమ్మ అయితే ఫోను నా చేతికిచ్చి "గేటు కాడ ఉండు నాయనా" అనేది. కులం పేరు చెప్పుకుంటే ఒక బాధ, మతం వినపడితే ఇంకో బాధ. ఇంత సంగతి ఒక రింగ్‌టోన్‌లో ఉంది.

5. నేను మార్చిన రోజు

2010లో డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాక రొయ్యల గుంటల కాడ పనికి చేరాను. వెనామీ రొయ్య అప్పుడప్పుడే వస్తోంది. మేత లెక్కలు, ఏరేటర్ల డీజిల్ లెక్కలు రాసేవాణ్ణి. రాత్రి కాపలా కూడా. నా ఫోనులో ఒక ఏప్రిల్ 14న మా వాడ కుర్రాళ్లే పాడిన పాట ఉండేది. మొదట్లో పలక వరస, తర్వాత బాబాసాహెబ్ పేరు. మా బావమరిది కావలిలో నెట్ సెంటర్లో కూర్చుని ఎంపీ3 కట్టర్‌తో ఇరవై అయిదు సెకన్ల ముక్క కోసి ఇచ్చాడు. పాట మొదలు నుంచి కాదు, సరిగ్గా పేరు వచ్చే చోటు దగ్గర పడేలా. మూడు సార్లు కోసి చూసుకున్నాం.

2011లో ఒక జీతాల రోజు. ఆసామి కుర్చీలో కూర్చున్నాడు, పక్కన రొయ్యలు కొనే బయ్యర్లు. మేము వరసగా నిలబడి ఉన్నాం. మా అమ్మ ఫోను చేసింది. జేబులో పాట మోగింది. అందరూ తిరిగి చూశారు.

"ఏంది రా ఆ మోత? గుంటల కాడ మీటింగు పెట్టినావా? తీసెయ్ దాన్ని."

నవ్వుతానే అన్నాడు. బయ్యర్లూ నవ్వారు. నేను "తీసేస్తాను సామీ" అన్నాను. అక్కడికక్కడే ఆయన ముందే నోకియా పాట పెట్టాను. జీతం తీసుకుని వచ్చేశాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆసామి ఫోనుకి వెంకటేశ్వర సుప్రభాతం ఉండేది. దాన్ని ఎవరూ మోత అనలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఫోను ఎత్తలేదేం నాయనా?" అని. చెప్పలేకపోయాను. ఆ వరస మనం పెట్టేది కాదన్న మా తాత మాట ఆ రాత్రి బాగా అర్థమయింది. ఆయన చేతిలో పలక ఉండి కూడా ఆయన మాట లేదు. నా జేబులో నా పాట ఉండి కూడా మోగనివ్వలేదు.

6. షిర్డీ, 2015 మే 16

నాలుగేళ్ల తర్వాత పేపర్లో ఆ వార్త చదివాను. సాగర్ షేజ్వాల్. నర్సింగ్ చదువుతున్న కుర్రాడు. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ జిల్లా షిర్డీకి పెళ్లికి వచ్చాడు. మధ్యాహ్నం బంధువుల కుర్రాళ్లతో కలిసి ఒక మద్యం దుకాణానికి పోయాడు. అక్కడ ఫోను మోగింది. బాబాసాహెబ్‌ను కీర్తించే మరాఠీ పాట అతని రింగ్‌టోన్. పక్కనున్న కొందరు కుర్రాళ్లు ఆపమన్నారని, మాటా మాటా పెరిగిందని, సీసాలతో కొట్టి మోటారు సైకిల్ మీద ఎత్తుకుపోయారని ఫిర్యాదులో ఉంది. సాయంత్రానికి ఊరి బయట శవం దొరికింది. దుకాణంలోని సీసీ కెమెరాలో కొట్టడం రికార్డయింది. అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు.

మన వాళ్లలోనే కొందరు అప్పుడు అన్నారు, "పాట కోసం ప్రాణం పోగొట్టుకోవాల్నా" అని. ప్రశ్న తలకిందులుగా ఉంది. పాట కోసం ప్రాణం తీయాల్నా అని అడగాలి. ఫోను మోగడం అతను చేసిన పని కూడా కాదు. ఎవరో కాల్ చేశారు, మోగింది. అతను చేసిందల్లా ముందెప్పుడో తన ఇష్టప్రకారం ఒక పాట ఎంచుకోవడం.

ఫాహియాన్ చూసిన కర్రను ఇప్పుడు గుర్తు చేసుకోండి. దాదాపు 1600 ఏళ్ల కిందట మన మనిషి చప్పుడు చేయకుండా వస్తే తప్పు. 2015లో మన మనిషి చప్పుడుతో వస్తే తప్పు. రెండిట్లోనూ చప్పుడు మీద పెత్తనం మనది కాకూడదన్నదే వాళ్ల పట్టుదల. వాళ్లకి చప్పుడుతో పేచీ లేదు. మా తాత పలక ఎంత గట్టిగా మోగినా ఎవరూ చెవులు మూసుకోలేదు, అది వాళ్ల మాట చెప్తున్నంతకాలం.

అందుకని తమ్ముడూ, నీ రింగ్‌టోన్ చిన్న విషయం కాదు.

7. మరి ఏం చేద్దాం

చరిత్ర చెప్పి వదిలేస్తే సగం పని. మిగతా సగం చేతులతో చేసేది.

ఇప్పుడు రింగ్‌టోన్ చేసుకోవడానికి సెల్ షాపు అక్కర్లేదు, డబ్బులు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనయితే రికార్డర్ తెరిచి కావలసింది రికార్డు చేయండి. ఎడిట్‌లోకి పోయి ముందూ వెనకా కత్తిరించండి. మీ రికార్డర్లో ఆ వీలు లేకపోతే రింగ్‌టోన్ కట్టర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఆ ఫైలును ఫైల్ మేనేజర్లో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్లోకి మార్చండి. తర్వాత సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో ఫోన్ రింగ్‌టోన్, అక్కడ మీ ఫైలు. ఐఫోన్ ఉన్నవాళ్లు గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌లో అదే ముక్కను రింగ్‌టోన్‌గా ఎగుమతి చేసుకోవచ్చు.

ఎన్ని సెకన్లు? మొబైల్ కాల్ ఎత్తకపోతే 30 సెకన్లు మోగాలని ట్రాయ్ 2019లో నిర్ణయించింది. అంతకుముందు కంపెనీలు ఇష్టమొచ్చినట్టు తగ్గించుకుంటుంటే పెట్టిన నియమం. కాబట్టి మీ చేతిలో ఉన్నది అర నిమిషం. ముఖ్యమైన మాట మొదటి అయిదు సెకన్లలో పడాలి, ఎందుకంటే చాలామంది ఆలోపే ఎత్తేస్తారు. పాట మొదట్లో ఉండే వాయిద్యాల భాగాన్ని మొహమాటం లేకుండా కోసేయండి.

మనుషులను బట్టి వేరు వేరు రింగ్‌టోన్ కూడా పెట్టొచ్చు. కాంటాక్ట్ తెరిస్తే ఆ ఆప్షన్ ఉంటుంది. అమ్మకి ఒకటి, సంఘం వాళ్లకి ఒకటి. ఫోను చూడకుండానే ఎవరో తెలుస్తుంది.

కాలర్ ట్యూన్ వేరు, రింగ్‌టోన్ వేరు. కాలర్ ట్యూన్ మనకు ఫోను చేసేవాళ్లకి వినపడేది, కంపెనీ చేతిలో ఉండేది. ఒకప్పుడు అడగకుండానే పెట్టేసి మన అమ్మానాన్నల బ్యాలెన్సు కోసేవాళ్లు. 2013లో ట్రాయ్ గట్టిగా చెప్పింది, వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే ఇలాంటి సేవలు మొదలుపెట్టాలని. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రభుత్వం దగ్గు చప్పుడుతో అందరి ఫోన్లలో చాటింపు వేయించింది గుర్తుందా? అది ప్రభుత్వ దండోరా. మా తాత నడవాల్సిన పని లేకుండా వెళ్లింది. రింగ్‌టోన్ మాత్రం మన ఫోన్లో, మన చేతిలో ఉండేది. అందుకే దాని గురించి ఇంత రాస్తున్నాను.

ఇక భయం గురించి. నేను ఎవరినీ రెచ్చగొట్టను. ఒంటరిగా ఉన్నచోట, దెబ్బ పడేలా ఉన్నచోట ఫోను సైలెంట్‌లో పెట్టుకోవడం పిరికితనం కాదు. మన పిల్లలు బతకాలి, చదవాలి. ఆస్పత్రిలో, పరీక్ష హాల్లో, కోర్టులో అందరూ సైలెంట్‌లో పెడతారు, మనమూ పెడదాం. అందరికీ ఒకటే నియమమైతే అది మర్యాద. మన ఒక్కరి పాటకే అయితే అది కులం.

అలా జరిగితే తారీఖు, టైము, ఎవరు ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నీ ఆ రోజే రాసి పెట్టుకోండి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మనం గౌరవించే దివంగత నాయకులను మాటలతో గానీ రాతతో గానీ మరే విధంగా గానీ అవమానించడం నేరం, సెక్షన్ 3(1)(వి). బాబాసాహెబ్ పాట విని ఆయన్నే తిట్టినవాళ్లకి ఇది వర్తిస్తుంది. వెట్టి చేయించడం కూడా అదే చట్టం కింద నేరం. ఈ రెండూ ఒకే చట్టంలో పక్కపక్కన ఉండటం మా తాత చూసి ఉంటే బాగుండేది.

8. ఇప్పుడు నా ఫోను

తాత పోయాక పలక మా చిన్నాయన దగ్గర ఉంది. పోయినేడు ఊరికి పోయినప్పుడు ఆయన్ను అడిగాను, తాత చాటింపు ముందు కొట్టే వరస గుర్తుందా అని. చిన్నాయన నవ్వి, చితుకులు ఏరి మంట వేశాడు. పలక కాచాడు. ఫోను అరుగు మీద పెట్టి రికార్డు నొక్కాను. మొదటిసారి మా కోడిపుంజు కూసింది. రెండోసారి బాగా వచ్చింది. ఇరవై రెండు సెకన్లు.

వరస ముగిశాక అలవాటుగా చిన్నాయన నోరు తెరిచాడు, చాటింపు మాట చెప్పడానికి. చెప్పడానికి ఏ మాటా లేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

అదే ఇప్పుడు నా రింగ్‌టోన్. ఆ వరస మోగితే ఎవరో నాతో మాట్లాడాలనుకుంటున్నారని అర్థం. ఎక్కువసార్లు అది మా అమ్మే. ఎత్తుతున్నాను.

తమ్ముడూ, నువ్వు తప్పు చేయలేదు. నేను 2011లో చేసిందే చేశావు. మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో నీ ఇష్టం. హాస్టల్లో నీలాంటివాళ్లు ఇంకా ఉంటారు, ముందు వాళ్లను కలువు. ఒక్క ఫోను మోగితే మోత అంటారు. పది ఫోన్లు మోగితే అలవాటు పడతారు.

చదివిన వాళ్లందరికీ ఒక పని. ఈ సెలవులకి ఊరికి పోయినప్పుడు మీ వాడలో పాత పలక వరసలు, అవ్వల నాట్ల పాటలు, ఏప్రిల్ 14 పాటలు ఫోన్లో రికార్డు చేసి దాచండి. వాళ్లను అడిగి, వాళ్ల పేరు, ఊరు, తారీఖు పెట్టి దాచండి. ఆ ఫోల్డర్ ఏ సెల్ షాపులోనూ దొరకదు.

వచ్చే భాగంలో మన తీరంలో ఉప్పు కొటార్లలో కూలి చేసిన ఆడవాళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.